ఫోర్ట్ వేన్‌కు రైలు ఎందుకు దూరమైంది?

అమెరికాలోని ఇండియానాలో రెండో పెద్ద నగరమైన ఫోర్ట్ వేన్‌కు ప్రయాణికుల రైలును మళ్లీ తెచ్చే అంశం మరోసారి చర్చకు వచ్చింది. షికాగో నుంచి ఫోర్ట్ వేన్, కొలంబస్ మీదుగా పిట్స్‌బర్గ్ వెళ్లే మార్గాన్ని కేంద్ర రైల్వే విభాగం 2023 డిసెంబరులో కొత్త ప్రయాణికుల రైలు మార్గాలను గుర్తించే తన కారిడార్ల కార్యక్రమంలో చేర్చి, తొలిదశ ప్రణాళికకు 5 లక్షల డాలర్ల వరకు కేటాయించింది. ఎక్కేవాళ్లు లేకనే పోయిన రైలుకు మళ్లీ ఇంత ఖర్చు దేనికన్నది వ్యతిరేకుల వాదన. 1990లో జరిగింది తెలిస్తే ఈ వాదన నిలవదు.

మోటార్లలో చుట్టే తీగలు, ట్రక్కులు తయారుచేసిన ఈ పారిశ్రామిక నగరానికి రైళ్లు తెచ్చిన వైభవం అందరికీ తెలిసిందే. అసలు మలుపు కాన్‌రైల్ దగ్గర ఉంది. దివాలా తీసిన కంపెనీలను కలిపి 1976లో ఏర్పరచిన ఈ సరుకు రవాణా సంస్థకు షికాగో వైపు రెండు ప్రధాన మార్గాలు దక్కాయి. ఒకటి ఫోర్ట్ వేన్ మీదుగా పోయే పాత పెన్సిల్వేనియా లైను, రెండోది దానికి ఉత్తరాన క్లీవ్‌లాండ్, టొలీడోల మీదుగా పోయే పాత న్యూయార్క్ సెంట్రల్ లైను. రెండూ అక్కర్లేదనుకున్న సంస్థ తన గూడ్సు రైళ్లను ఉత్తరపు లైనుకు మళ్లించుకుంటూ పోయింది. దేశమంతటా ప్రయాణికుల రైళ్లు నడిపే ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్‌కు ఈశాన్య ప్రాంతం దాటితే సొంత పట్టాలు చాలా తక్కువ. గూడ్సు సంస్థ తనకు అవసరం లేదన్న లైనును ప్రయాణికుల వేగానికి తగినట్టు నిలబెట్టాలంటే ఆ భారం ఆమ్‌ట్రాక్ మీదే పడుతుంది. దాంతో 1990 నవంబరులో న్యూయార్క్ వెళ్లే బ్రాడ్‌వే లిమిటెడ్‌నూ, వాషింగ్టన్ వెళ్లే క్యాపిటల్ లిమిటెడ్‌నూ, అంటే ఊరికి వచ్చే రెండు రైళ్లనూ ఒకేసారి వేరే దారులకు మళ్లించారు. 1914లో కట్టిన బేకర్ స్ట్రీట్ స్టేషన్‌కు రైలు రావడం ఆగిపోయింది. నగరవాసులు రైలును వదులుకోలేదు, వారి కాళ్ల కింది పట్టాలనే లెక్కలోంచి తీసేశారు.

అప్పటి నుంచి ఈ ఊరివారు రైలెక్కాలంటే సుమారు 40 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న వాటర్లూ అనే చిన్న ఊరికి, రాత్రి పొద్దుపోయాకో తెల్లవారుజామునో కారు వేసుకుని వెళ్లాలి. కారు నడపలేని వృద్ధులకు, విద్యార్థులకు అది అందుబాటులో ఉన్న రైలు కాదు. ఇంత అసౌకర్యం పెట్టి, ఆదరణ లేదని తేల్చడం న్యాయం కాదు.

ఖర్చు గురించి రాష్ట్రాల భయం మాత్రం నిజమే. 2008 చట్టం ప్రకారం 750 మైళ్ల లోపు మార్గాలకు అయ్యే నష్టాన్ని రాష్ట్రాలే భరించాలి. ఇండియానాపొలిస్, షికాగోల మధ్య నడిచిన హూసియర్ స్టేట్ రైలుకు ఏటా ఇచ్చే సుమారు 30 లక్షల డాలర్లను ఇండియానా 2019లో నిలిపివేయడంతో ఆ రైలు ఆగిపోయింది. క్లీవ్‌లాండ్, కొలంబస్, సిన్సినాటిలను కలిపే రైలుకు మంజూరైన 40 కోట్ల డాలర్ల కేంద్ర నిధులను ఒహాయోలో కొత్తగా ఎన్నికైన గవర్నరు జాన్ కేసిక్ 2010లో వద్దన్నారు. ఫోర్ట్ వేన్ లైను ఇప్పుడు సీఎస్‌ఎక్స్ సంస్థది. 2004 నుంచి దాన్ని ఒక చిన్న గూడ్సు సంస్థ లీజుకు నడుపుతోంది. ఆ పట్టాలను మళ్లీ ప్రయాణికుల వేగానికి తేవాలంటే ముందుగా ఒప్పించాల్సింది ఈ రెండు సంస్థలనూ, మార్గం వెళ్లే ఇండియానా, ఒహాయో రాష్ట్రాల శాసనసభలనూ.