సగటు సరే, మధ్యలో ఉన్నవాడి సంగతేంటి?

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో మా పక్కింటి అబ్బాయి ఒక కాలేజీ బ్రోచర్ పట్టుకుని వచ్చాడు. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో "యావరేజ్ ప్యాకేజీ 5.5 లక్షలు" అని ఉంది. "మాస్టారూ, మరీ ఎక్కువ రాకపోయినా ఐదున్నర అయితే వస్తుంది కదా" అన్నాడు. వాళ్ళ నాన్న అప్పటికే ఫీజు కోసం చిట్టీ పాడే ఆలోచనలో ఉన్నాడు. ఈ అబ్బాయి పదో తరగతి లెక్కల్లో పదికి పది పాయింట్లు తెచ్చుకున్నవాడు. ప్రత్యక్ష పద్ధతి, విచలన పద్ధతి, సోపాన విచలన పద్ధతి, మూడింట్లో ఏది అడిగినా సగటు కట్టి చూపిస్తాడు. కానీ ఆ సగటు తనకేం చెబుతోందో, ఏం చెప్పట్లేదో వాడిని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. లెక్కల మాస్టారుగా అందులో నా తప్పూ ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

వాడితో కలిసి కాగితం మీద ఒక లెక్క వేశాను. అంకెలు నేను అనుకున్నవే, ఏ కాలేజీవీ కావు. ఒక కాలేజీలో 100 మందికి ఉద్యోగాలొచ్చాయి. 90 మందికి తలా 3.5 లక్షలు, 9 మందికి తలా 15 లక్షలు, ఒక్కరికి మాత్రం కోటి. మొత్తం కూడితే 315, 135, 100 కలిసి 550 లక్షలు, దాన్ని 100తో భాగిస్తే సగటు 5.5 లక్షలు. బ్రోచర్‌లో వేసిన అంకె లాంటిదే, అబద్ధం ఒక్క అక్షరం లేదు. అయినా ఆ 100 మందిలో ఐదున్నర లక్షల జీతం వచ్చినవాడు ఒక్కడు కూడా లేడు, 90 మందికి అంతకంటే బాగా తక్కువే వచ్చింది.

ఇప్పుడు అదే 100 మందిని జీతం తక్కువ నుంచి ఎక్కువ వరకూ వరసలో నిలబెట్టండి. సరిగ్గా మధ్యలో ఉండేది 50వ వాడు, 51వ వాడు. ఇద్దరికీ 3.5 లక్షలే, కాబట్టి మధ్యగతం 3.5 లక్షలు. ఆ కోటి రూపాయల కుర్రాడికి రేపు రెండు కోట్లిచ్చినా మధ్యగతం కదలదు, ఎందుకంటే వాడు వరసలో చివర నిలబడ్డాడు, చివర ఎంత పొడుగు పెరిగినా మధ్యలో ఉన్నవాడు మారడు. సగటు అలా కాదు, ఆ ఒక్కడి కోసం 5.5 నుంచి 6.5కి ఎగురుతుంది. జీతాలు, ఆస్తులు, ఇళ్ళ ధరలు, ఇలా కొద్దిమంది దగ్గర చాలా ఎక్కువ పోగయ్యే చోట మధ్యగతం అడగాలని చెప్పేది ఇందుకే. కేంద్ర విద్యాశాఖ ఏటా ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుల కోసం కాలేజీలు పంపే వివరాల్లో కూడా ఉద్యోగం వచ్చినవాళ్ళ మధ్యగత జీతమే అడుగుతారు. దాన్ని మీడియన్ శాలరీ అని రాస్తారు. ఆ ర్యాంకింగుకి దరఖాస్తు చేసే కాలేజీలు ఈ వివరాలు తమ వెబ్‌సైట్లో పెడతాయి, ఆ ఫైలు తెరిచి చూడటానికి ఐదు నిమిషాలు చాలు. ఫీజు కట్టే ముందు ప్రతి ఇంట్లో ఆ ఐదు నిమిషాలు కేటాయించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఇంకో ప్రశ్న కూడా ఉంది: 100 మంది సరే, ఎంతమందిలో 100 మంది? ఆ సంవత్సరం 160 మంది చదువు ముగించి, 60 మందికి ఉద్యోగమే రాలేదనుకోండి. వాళ్ళని సున్నాలుగా లెక్కలోకి తీసుకుంటే 550 లక్షల్ని 160తో భాగించాలి, సగటు సుమారు 3.44 లక్షలకి పడిపోతుంది. సూత్రంలో పైన ఉన్న మొత్తాన్ని మనం చాలా జాగ్రత్తగా కూడతాం, కింద ఉన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పట్టించుకోం.

ఈ కింది సంఖ్య ఎంత పని చేస్తుందో చెప్పడానికి క్రికెట్‌కి మించింది లేదు. ఆస్ట్రేలియా బ్యాటర్ డాన్ బ్రాడ్‌మన్ టెస్ట్ సగటు 99.94 అని క్రికెట్ చూసే పిల్లలందరికీ తెలుసు. 52 టెస్టులు, 80 ఇన్నింగ్స్, 6996 పరుగులు. 6996ని 80తో భాగిస్తే 87.45 వస్తుంది కదా, మరి 99.94 ఎక్కడిది? ఆయన 10 సార్లు నాటౌట్. బ్యాటింగ్ సగటుని ఇన్నింగ్స్ సంఖ్యతో కాక ఔటైన సార్లతో భాగిస్తారు, 6996 బై 70. అంటే అది "ఒక్కో ఇన్నింగ్స్‌కి ఎన్ని" కాదు, "ఒక్కోసారి ఔట్ అయ్యేలోపు ఎన్ని" అన్నమాట. రెండూ సరైనవే, రెండూ వేరే ప్రశ్నలకి జవాబులు. 1948లో ఓవల్ మైదానంలో చివరి ఇన్నింగ్స్‌కి దిగేటప్పటికి ఇంకో నాలుగు పరుగులు చేస్తే ఆ సగటు సరిగ్గా 100 అయ్యేది, ఆయన సున్నాకి ఔటయ్యాడు.

మరి ఆయన మధ్యగతం ఎంత? 80 ఇన్నింగ్స్ స్కోర్లూ నా దగ్గర లేకపోయినా కొంత చెప్పగలను, ఇలాంటి ఆలోచనే నాకు అన్నిటికంటే ఇష్టం. ఆయనవి 29 సెంచరీలు, 13 అర్ధ సెంచరీలు, అంటే 42 సార్లు 50 దాటాడు లేదా అక్కడే ఆగాడు. మిగిలిన 38 ఇన్నింగ్స్ 50 లోపే. స్కోర్లన్నీ వరసగా పేరిస్తే 40వదీ 41వదీ ఎక్కడ పడతాయి? మొదటి 38 దాటిపోయాయి, కాబట్టి 50 పైనే. సెంచరీలు 52వ స్థానం నుంచి గానీ మొదలుకావు, కాబట్టి 100 లోపే. అంటే ఆయన మధ్యగతం 50కీ 99కీ మధ్య ఎక్కడో ఉండాలి. ఇక తన కెరీర్‌లో ఆయన ఎక్కువసార్లు చేసిన స్కోరు, అంటే బాహుళకం, సున్నా! ఏడుసార్లు డకౌట్ అయ్యాడు, వేరే ఏ స్కోరూ అన్నిసార్లు రాలేదు. ఒకే మనిషి గురించి మూడు అంకెలు చెబుతున్న మూడు సంగతులివి, ఇందులో ఏది తప్పు అని అడగడంలో అర్థం లేదు.

బాహుళకాన్ని పిల్లలు చిన్నచూపు చూస్తారు, సులువుగా వస్తుందని. గాజుల కొట్టుకెళ్ళి చూడండి. 2-4, 2-6, 2-8 సైజులు కట్టి ఉంటాయి, అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగో, ఆరో, ఎనిమిదో వంతు వ్యాసం. అమ్ముడైన సైజుల సగటు కట్టి కొట్టాయన సరుకు తెప్పిస్తే ఎవరి చేతికీ పట్టని గాజులొస్తాయి. ఎక్కువమంది అడిగే సైజేదో ఆయనకి కావాలి, అదే బాహుళకం. బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మకి మాత్రం సగటే కావాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్ళకి తలా 150 గ్రాముల బియ్యం లెక్క. ఒకడు మళ్ళీ పెట్టించుకుంటాడు, ఒకమ్మాయి సగం వదిలేస్తుంది, మొత్తం మీద సరిపోతుంది. మొత్తం ఎంత కావాలి అన్నది ప్రశ్న అయినప్పుడు సగటుని మించిన కొలత లేదు.

అలాగని సగటు పని చేయని ప్రతిచోటా మధ్యగతం కాపాడుతుందని కూడా అనుకోకండి. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ చుట్టుపక్కల ఉండేది. క్లాసులో ఇది చెబితే పిల్లలు వెంటనే "అంటే 32 ఏళ్ళకే ముసలివాళ్ళయిపోయేవాళ్ళా సార్?" అని అడుగుతారు. ఒక ఇంట్లో నలుగురు పిల్లలు పుట్టారనుకోండి. ఇద్దరు ఏడాది వయసులో పోయారు, మూడో బిడ్డ 62 ఏళ్ళు, నాలుగో బిడ్డ 64 ఏళ్ళు బతికారు. కూడితే 128, సగటు 32. ఆ ఇంట్లో 32 ఏళ్ళ వయసులో చనిపోయినవాళ్ళు ఎవరూ లేరు. మధ్యగతం చూద్దామా అంటే 1కీ 62కీ సగం, 31.5, అదీ అంతే. మీ నానమ్మనో అమ్మమ్మనో అడగండి, వాళ్ళ అమ్మ ఎంతమందిని కన్నది, ఎంతమంది మిగిలారు అని. రెండు గుంపులుగా విడిపోయిన దత్తాంశాన్ని ఏ ఒక్క అంకెలోకీ కుక్కలేమని అప్పుడు అర్థమవుతుంది. అందుకే సూత్రం మొదలుపెట్టే ముందు ఒక గీత గీసి, ప్రతి రాశికీ దాని మీద ఒక చుక్క పెట్టి చూడమంటాను. ఈ ఇంటి చుక్కలు ఆ చివర రెండు, ఈ చివర రెండు పడతాయి, మధ్యంతా ఖాళీ.

చుక్కలు ఎంత దూరం చెదిరాయో కొలవడానికి పాఠంలో మొదట వచ్చేది వ్యాప్తి, గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేయడమే. దానికి రెండు చివరలే తెలుసు, మధ్యలో ఏం జరిగిందో తెలీదు. ప్రామాణిక విచలనం ఇంటర్లో గానీ రాదు, కానీ ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినా అర్థమవుతుందని నా అనుభవం. ఐదు స్లిప్ టెస్టుల్లో 25కి ఒకమ్మాయికి 14, 15, 15, 15, 16. ఇంకొకమ్మాయికి 8, 20, 15, 9, 23. ఇద్దరికీ మొత్తం 75, సగటు 15, మధ్యగతం కూడా 15. ప్రోగ్రెస్ కార్డులో ఇద్దరూ ఒకటే, కానీ వాళ్ళకి కావాల్సిన సాయం ఒకటి కాదు. రెండో అమ్మాయికి కొన్ని పాఠాలు చాలా బాగా వచ్చు, కొన్ని అసలు అందలేదు, ఏవి అందలేదో చూసి చెబితే చాలు.

ఈ తేడాని అంకెల్లో ఎలా చెప్పాలి? రెండో అమ్మాయి మార్కులు సగటుకి ఎంత దూరంలో ఉన్నాయో రాయండి: మైనస్ 7, ప్లస్ 5, 0, మైనస్ 6, ప్లస్ 8. వీటిని కూడితే సున్నా. ఎవరి మార్కులతో చేసినా సున్నాయే వస్తుంది, సగటంటేనే పైకి పోయినవీ కిందికి పోయినవీ సరిసమానం అయ్యే చోటు కాబట్టి. అందుకని మైనస్ గుర్తు పోయేలా ప్రతిదాన్నీ వర్గం చేస్తాం: 49, 25, 0, 36, 64, మొత్తం 174, ఐదుతో భాగిస్తే 34.8. ఇది మార్కుల వర్గంలో ఉంది, మళ్ళీ మార్కుల్లోకి రావడానికి వర్గమూలం తీస్తే దాదాపు 5.9. ఇదే ప్రామాణిక విచలనం. మొదటి అమ్మాయికి ఇదే లెక్క వేస్తే 0.63 వస్తుంది. పిల్లలు భయపడే ఆ పెద్ద సూత్రంలో ఉన్నది ఇంతే, సగటు నుంచి మామూలుగా ఎంత దూరం పోతున్నారు అని.

ఈ దూరం ఎవరికి ప్రాణం మీదికొస్తుందో అనంతపురం వైపు రైతుని అడగాలి. అక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. వాతావరణ శాఖ "సాధారణ వర్షపాతం" అనేది ఇలాంటి అనేక ఏళ్ళ సగటునే, జిల్లాలో దానికి 19 శాతం అటూ ఇటూగా పడినా సాధారణం కిందే రాస్తారు. నెల మొత్తం వాన రెండు రోజుల్లో కురిసి, తర్వాత వేరుశనగ ఊడలు దిగే సమయంలో మూడు నాలుగు వారాలు బెట్ట వచ్చినా నెలాఖరుకి పట్టికలో "సాధారణం" అనే ఉంటుంది. చేలో మాత్రం కాయ ఉండదు.

పంటల బీమా దగ్గర ఇదే విషయం డబ్బులోకి దిగుతుంది. ఫసల్ బీమా పథకంలో ఒక్కో రైతు పొలాన్ని చూసి కాకుండా, ఊరినో కొన్ని ఊళ్ళనో ఒక యూనిట్‌గా పెట్టుకుని, కొన్ని చిన్న మడులు ఎంచి కోసి తూచి సగటు దిగుబడి కడతారు. వీటినే పంట కోత ప్రయోగాలంటారు. ఎవరికీ ఇష్టమొచ్చినట్టు కాకుండా యాదృచ్ఛికంగా ఎంచిన కొద్ది చోట్ల కొలిచి మొత్తాన్ని అంచనా కట్టే పనిని మన దేశంలో పెద్ద ఎత్తున చేసి చూపించినవాళ్ళలో ముఖ్యుడు సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్, బెంగాల్ జనపనార సర్వేలతో. 1931లో కలకత్తాలో ఆయన మొదలుపెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకున్న మన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1941లో వెళ్ళి చేరాడు.

పంట కోత ప్రయోగాల్లో తేలిన సగటు దిగుబడిని దేంతో పోలుస్తారంటే, గత ఏడేళ్ళలో మంచి దిగుబడి వచ్చిన ఐదేళ్ళు తీసుకుని, వాటి సగటులో నిర్ణయించిన శాతంతో. పరిహారానికి గీత అదే, దిగుబడి దాని కిందికి పోతేనే డబ్బు వస్తుంది. ఏడులో చెడ్డ రెండేళ్ళు వదిలేయడం రైతుకి మేలు చేసే ఆలోచన, కరువు ఏళ్ళు కలిస్తే ఆ గీత కిందికి దిగిపోయి పరిహారం అందడం కష్టమయ్యేది. ఆ గీత ఒక ఊళ్ళో ఎకరానికి 680 కిలోల దగ్గర ఉందనుకుందాం. నాలుగు మడులు కోస్తే ఎకరాకి 900, 850, 800, 250 కిలోల లెక్కన తేలింది. సగటు 700, గీత పైనే ఉంది, కాబట్టి దిగుబడి లెక్క మీద ఆ ఊరికి పరిహారం రాదు. 250 వచ్చిన చేను ఎర్రనేల వాలులో ఉందేమో, వాన అటు పడలేదేమో. యూనిట్ మండలం కాకుండా ఊరు కావాలని రైతులు గట్టిగా అడిగింది ఇందుకే, యూనిట్ చిన్నదయ్యేకొద్దీ లోపల చెదురు తగ్గి, సగటు ఒక్కో రైతు దిగుబడికీ దగ్గరవుతుంది. ఊరి లోపల కూడా ఇంత చెదురు ఉన్నప్పుడు ఆ 700 పక్కనే దాని ప్రామాణిక విచలనం కూడా రాయాలని నేనంటాను. ఆ నాలుగు అంకెలకి లెక్క వేస్తే 260 దాటుతుంది, కావాలంటే మీరే వేసి చూడండి.