స్పర్శను, నవ్వును తప్పుగా అర్థం చేసుకోవడం: కొన్ని అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో మానసిక సలహాదారుగా పని చేస్తున్న నా దగ్గరికి వచ్చే తగవుల్లో కొన్నింటిని వెనక్కి తవ్వుకుంటూ పోతే, పరాయి మనిషి మీద పడిన చెయ్యో, పరాయి మనిషి నవ్విన నవ్వో మూలంగా కనిపిస్తుంది. వాటి చుట్టూ నేను తరచుగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నవ్వుతూ మాట్లాడిందంటే ఆమె మనసులో ఏదో ఉన్నట్టే.

వాస్తవం: దీనికి మన రొట్టెల పండుగను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరి చేతిలోంచి ఒకరు రొట్టెలు అందుకుంటారు. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పడతారు, అది తీరినవాళ్లు మరో ఏడు వచ్చి వదులుతారు. ఒక యువకుడు అక్కడ పెళ్లి రొట్టె పట్టాడు. ఇచ్చినామె రొట్టె జారిపోకుండా అతని దోసిలి కింద తన చెయ్యి ఆనించి, "మళ్లీ ఏడు మీరే వచ్చి వదలాలి" అని నవ్విందట. ఆ మాటను, ఆ స్పర్శను అతను తనకు అందిన కబురుగా తీసుకుని, గుంపులో ఆమె వెంట గట్టు దాకా నడిచాడు, ఆమె తరఫువాళ్ల చేత చివాట్లు తిన్నాడు. పెళ్లి రొట్టె వదిలేది పెళ్లి కోరిక తీరినవాళ్లే కదా అని నేను అడిగినప్పుడు అతను చాలాసేపు మాట్లాడలేదు. ఆచారం తెలియక కాదు, ఆ క్షణంలో తనకు కావలసిన అర్థం ముందు తనకు తెలిసిన అర్థం వెనక్కి పోయింది.

ఇది ఒక్క నెల్లూరు కుర్రవాడి బలహీనత కాదు. 1982లో అమెరికాలో ఆంటోనియా ఎబ్బీ అనే పరిశోధకురాలు ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని 5 నిమిషాలు మాట్లాడుకోనిచ్చి, మరో అబ్బాయి, మరో అమ్మాయి చేత చాటుగా గమనింపజేసింది. అమ్మాయి చూపిన మామూలు స్నేహభావంలో మగవాళ్లు, ఆడవాళ్లకు కనిపించినదానికంటే ఎక్కువ శృంగారాసక్తిని చూశారు. మాట్లాడిన అబ్బాయే కాదు, ఊరికే చూస్తున్న అబ్బాయి కూడా అలాగే అర్థం చేసుకున్నాడు. దుకాణంలో, బ్యాంకులో, టికెట్ కౌంటర్లో నవ్వడం ఉద్యోగంలో భాగమైనవాళ్లకు ఈ తప్పు లెక్క వల్ల కలిగే చికాకు ఇంతా అంతా కాదు.

అపోహ: ముట్టుకున్నప్పుడు మెదలకుండా ఉంటే అభ్యంతరం లేనట్టే.

వాస్తవం: మనుషుల మధ్య దూరాలను 1960లలో లెక్కగట్టిన ఎడ్వర్డ్ హాల్, అమెరికా మధ్యతరగతివారిలో సుమారు అడుగున్నర లోపలి దూరాన్ని ఆత్మీయులకే వదిలిపెట్టే దూరంగా గుర్తించాడు. ఆ కొలత అన్ని దేశాలకూ ఒక్కటే కాదని ఆయనే చెప్పాడు కాబట్టి దాన్ని మన మీద అచ్చుగుద్దినట్టు రుద్దనక్కర లేదు. నాకు పనికొచ్చింది ఆయన చెప్పిన ఇంకో సంగతి: కిక్కిరిసిన బండిలో జనం బిగుసుకుపోయి, చూపును ఎటో నిలిపి, ఆ దగ్గరితనం తమది కానట్టు ఉంటారు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఆత్మకూరు వైపు వెళ్లే కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో సాయంత్రం పూట చూడండి: పుస్తకాల సంచి వీపున కాక గుండెలకు అడ్డంగా వేసుకున్న అమ్మాయి, టిఫిన్ క్యారియర్‌ను పక్కవాడికీ తనకూ మధ్య పట్టుకున్న ఉద్యోగిని, కిటికీలోంచి తప్ప ఎటూ చూడని ఇంకొకామె. వీళ్లెవరూ నోరు విప్పలేదు, కానీ ముగ్గురూ "వద్దు" అనే చెప్పారు. భయంతో కొయ్యబారిపోవడం కూడా శరీరం తనంతట తాను చేసే పని, అంగీకారం కాదు.

అపోహ: బస్సులో తగిలిన ప్రతివాడూ దురుద్దేశంతోనే తగులుతాడు.

వాస్తవం: ఇదీ అపార్థమే. బ్రేకు పడినప్పుడు తగిలిన చెయ్యి, బస్సు కుదురుకోగానే దానంతటది వెనక్కి పోతుంది. జాగా ఉన్నా పోకపోతే, పోయి మళ్లీ వస్తే అది వేరే సంగతి. "అన్నా, కొంచెం ఎడంగా నిలబడన్నా" అని నలుగురికీ వినబడేలా అన్నప్పుడు పొరపాటున తగిలినవాడు సాధారణంగా జరుగుతాడు. అనలేకపోతే నేరుగా కండక్టరుకు చెప్పడంలో తప్పు లేదు, ప్రమాదం అనిపిస్తే 112 ఉంది.

అపోహ: నా ఉద్దేశం మంచిదైతే చాలు.

వాస్తవం: చట్టం అంత ఉదారంగా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్, స్త్రీ మర్యాదకు భంగం కలిగించాలనే ఉద్దేశంతో బలప్రయోగం చేసినవాణ్ణే కాదు, అలా భంగం కలగవచ్చని తెలిసీ చేసినవాణ్ణి కూడా పట్టుకుంటుంది. శిక్ష ఏడాది నుంచి 5 ఏళ్ల దాకా. ఆసక్తి లేదని స్పష్టంగా చెప్పాక కూడా పదేపదే వెంటపడితే అది 78వ సెక్షన్ కిందికి వస్తుంది.

చట్టం దాకా పోని సందర్భాల్లోనూ మంచి ఉద్దేశం ఇబ్బంది పెడుతుంది. ట్రంకు రోడ్డు దాటబోతున్న చూపులేని మనిషిని పలకరించకుండా జబ్బ పట్టుకుని లాక్కుపోయేవాళ్లు పుణ్యం చేస్తున్నామనే అనుకుంటారు. ముందు నోటితో అడగాలి. సాయం కావాలంటే ఆయనే మన మోచేతిని పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తాడు.

అపోహ: పసిపిల్లలకు ఇవన్నీ ఏమిటి, బుగ్గ గిల్లితే తప్పా?

వాస్తవం: మనకు చుట్టమైనవాడు ఆ బిడ్డకు పరాయివాడే కావచ్చు. ఒంగోలులో ఒక పెళ్లిలో నాలుగేళ్ల పాప తల్లి చీర కుచ్చెళ్ల వెనక దాక్కుంటే, "మామయ్యకు ముద్దు పెట్టమ్మా" అని చుట్టూ చేరినవాళ్లంతా ఒకటే బలవంతం. పాప నాయనమ్మ మాత్రం అక్కడే కింద కూర్చుని, "వద్దులే తల్లీ, నమస్తే పెడతావా?" అని తన రెండు చేతులూ జోడించి చూపించింది. పాప నమస్తే పెట్టలేదు. కుచ్చెళ్ల చాటునుంచి ఒక వేలు మాత్రం చాచి, నాయనమ్మ వేలిని తాకి, మళ్లీ లోపలికి లాక్కుంది.