టేబుల్ సా మీద గాడి తీసేటప్పుడు

తలుపు చట్రంలో ప్లైవుడ్ ప్యానెల్ కూర్చోవాలంటే పట్టీల అంచున గాడి తీయాలి. బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే టేబుల్ సా మీద ఇది రెండు నిమిషాల పని. చెక్కను చీల్చేటప్పుడు బ్లేడు పైకి కనబడుతుంది, గాడి కోతలో మాత్రం చెక్క అడుగున దాగి ఉంటుంది. చాలా మిషన్ల మీద పైనుండే కవచాన్ని కూడా తీసేయక తప్పదు. చెయ్యి తెలియకుండా బ్లేడు మీదుగా పోయేది ఇక్కడే.

10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4000 చుట్లు తిరిగితే దాని పళ్లు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. మనవైపు పళ్లు కిందికి దిగుతూ చెక్కను బల్లకేసి అదుముతాయి, అవతలివైపు పళ్లు పైకి లేస్తాయి. చెక్క తాను ఆనుకుని జరిగే పక్క అడ్డును, అంటే ఫెన్సును, వదిలి కాస్త పక్కకు తిరిగినా, దాని లోపలి బిగువు వల్ల కోత మూసుకుపోయినా ఆ వెనక పళ్లు దాన్ని ఎత్తి మనిషి మీదికి విసురుతాయి. ఇదే కిక్‌బ్యాక్. వేలు తగలగానే బ్లేడును 5 మిల్లీసెకన్లలో ఆపే సాస్టాప్ లాంటి మిషన్లు కూడా దీన్ని ఆపలేవు. దీనికి విరుగుడు బ్లేడు వెనకే నిలిచే రివింగ్ నైఫ్ అనే ఉక్కు రేకు. అది బ్లేడు పైకొనకంటే కాస్త కిందే ఉండి, బ్లేడుతోపాటే లేస్తూ దిగుతుంది. అందుకే గాడి కోతలోనూ దాన్ని తీయకండి.

19 మి.మీ. మందం పట్టీలో 6 మి.మీ. గాడి కావాలనుకుందాం. ముందు ప్లైవుడ్‌ను కాలిపర్‌తో కొలవండి, 6 అని అమ్మేది 5.5 ఉండడం మామూలే. కొలత సరిగ్గా 6 వస్తే, ప్లగ్ తీసి, ఫెన్సుకూ బ్లేడుకూ మధ్య 6.5 మి.మీ., బ్లేడు ఎత్తు 9 మి.మీ. పెట్టండి. ఒకసారి తోసి, పట్టీని ముందువెనకలు మార్చి, రెండో ముఖాన్ని ఫెన్సుకు ఆనించి మళ్లీ తోస్తే గాడి తనంతట తానే నడిమధ్యకు వస్తుంది. బ్లేడు కోత 3 మి.మీ. కంటే సన్నమైతే మధ్యలో పలుచని రెక్క మిగులుతుంది, దానికి ఇంకో కోత వేయాలి. ముందుగా పనికిరాని ముక్క మీద చూసుకోండి. చెక్కను ఫెన్సుకు నొక్కిపట్టే దువ్వెనలాంటి ఫెదర్‌బోర్డును బ్లేడుకు ఇవతలే బిగించాలి. బ్లేడు పక్కన పెడితే కోతను నొక్కేస్తుంది. పట్టీని చివరిదాకా పుష్ బ్లాక్ అనే పిడి దిమ్మెతోనే తోయండి, ఎందుకంటే చివర్లో బ్లేడు ఒక్కసారిగా బయటపడుతుంది. చేతికి గ్లౌజులు వద్దు.

చెక్కను అడ్డంగా పట్టి తోసే మైటర్ గేజ్‌తో అడ్డకోత కోసేటప్పుడు కొలత కోసం చెక్కను ఫెన్సుకు ఆనించకూడదు. తెగిన ముక్క బ్లేడుకూ ఫెన్సుకూ మధ్య ఇరుక్కుని ఎగిరొస్తుంది. ఫెన్సు మీద బ్లేడుకు బాగా ఇవతల 25 మి.మీ. దిమ్మె బిగించి, కొలత దానికి ఆనించి తీసుకోండి. కుసి, అంటే రంధ్రంలో దూర్చే చెక్క కొస, కోసం చుట్టూ తీసే లోతు తక్కువ కోతలో ఏ ముక్కా తెగిపడదు కనుక అక్కడ ఫెన్సునూ గేజ్‌నూ కలిపి వాడొచ్చు.

మన సైట్లలో చేతి సర్క్యులర్ సాను తిరగేసి ప్లైవుడ్ బల్లకు బిగించి వాడుతుంటారు. స్విచ్‌ను ఆన్‌లోనే కట్టేసి, కర్రముక్కే ఫెన్సుగా, రివింగ్ నైఫ్ లేకుండా నడిచే ఆ బల్ల మీద గాడి తీయొద్దు. ఆ పనికి గాడులు చెక్కే చేతి మిషన్ రౌటర్ వాడండి.