డెక్ మీద చెక్కా, కాంపోజిటా? పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలూ,

ఇంటి వెనక డెక్, అంటే బోర్డులు పరిచిన ఆరుబయటి అరుగు, కట్టించాలన్న మాట వచ్చిందంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్ళు చెక్క వేయించాలా, చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసే కాంపోజిట్ వేయించాలా అని వాదనకు దిగుతారు. ఆ మాటల్లో మీరూ కూర్చోండి. దాని మీద అందరికన్నా ఎక్కువసేపు వట్టికాళ్ళతో తిరిగేది మీరే కదా. అమెరికాలోని మన ఇళ్ళలో చాలావాటికి పైన పరిచే బోర్డు కాంపోజిట్‌దే మంచిదని నా అభిప్రాయం. ఒక్క షరతు: కింద చట్రం గట్టిగా ఉండాలి, ఆ పని తెలిసి చేసి ఉండాలి. అది లేకపోతే ఎంత ఖరీదైన బోర్డు పరిచినా డబ్బు దండగ.

ముందు చెక్క సంగతి. అమెరికాలో డెక్కులకు ఎక్కువగా వాడేది ప్రెషర్ ట్రీటెడ్ పైన్. పైన్ కలపను పెద్ద ఉక్కు గొట్టంలో పెట్టి, లోపలి గాలిని లాగేసి, రాగి కలిసిన మందు ద్రావణాన్ని ఒత్తిడితో ఎక్కిస్తారు. కొత్త చెక్క లేత ఆకుపచ్చగా కనబడేది ఆ రాగి వల్లే. దాంతో బూజు, చెదలు అంత తొందరగా పట్టవు. అయితే మందు చెక్క నడిమధ్య దాకా పోదు. అందుకే కోసిన ప్రతి చివరా మళ్ళీ మందు పూయాలి. పనివాళ్ళు తరచు వదిలేసేది ఇదే. చివికిపోవడం మొదలయ్యేదీ ఆ కోసిన చివర్లలోనే.

మందు చెదల్ని ఆపుతుంది గాని ఎండావానల్ని ఆపలేదు. తడిసినప్పుడల్లా చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఆరినప్పుడల్లా కుంచించుకుపోతుంది. కొన్నేళ్ళు ఇలా సాగితే బీటలు వస్తాయి, అంచులు లేస్తాయి, పేళ్ళు లేచి కాళ్ళలో గుచ్చుకుంటాయి. దీన్ని అడ్డుకోవాలంటే రెండు మూడేళ్ళకోసారి డెక్ కడిగి, ఆరబెట్టి, స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగుపూత) వేయాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో మొదటిసారి శ్రద్ధగా చేస్తారు, రెండోసారి వాయిదా పడుతుంది, మూడోసారి అసలు గుర్తే రాదు. నేను కాంపోజిట్ వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే. మానకుండా ఆ పని ఇష్టంగా చేసుకునే ఇల్లయితే చెక్క కూడా చక్కటి ఎంపికే. గీత పడితే గరుకు కాగితంతో రుద్ది కొత్తగా చేసుకోవచ్చు. కాంపోజిట్‌కు ఆ వీలు లేదు.

పాత ఇల్లు కొనుక్కుని ఉంటే ఒక జాగ్రత్త. 2003 ఆఖరు దాకా ఇళ్ళ డెక్కుల చెక్కకు ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించేవారు. ఆ తరువాత ఇళ్ళకు ఆ మందు వాడడం మానేశారు. కాబట్టి అంతకుముందు కట్టిన డెక్ మీద ఆడుకున్నాక చేతులు కడుక్కునే ఏదైనా తినండి. ఆ చెక్క ముక్కల్ని చలిమంటలో ఎన్నడూ వేయకండి. పొగలోనూ బూడిదలోనూ విషం ఉంటుంది.

ఇక కాంపోజిట్ అంటే చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి కరిగించి అచ్చులోంచి లాగిన బోర్డు. ఆ ప్లాస్టిక్‌లో చాలాభాగం వాడి పారేసిన సంచులు, సామాన్లకు చుట్టే పల్చటి పొర. తొలితరం బోర్డులకు పైన ఏ పొరా ఉండేది కాదు. అందుకని లోపలి చెక్కపొట్టు నీళ్ళు పీల్చి ఉబ్బేది, బూజుమచ్చలు పట్టేవి, రంగు వెలిసిపోయేది. "కాంపోజిట్ వేయించి మోసపోయాం" అనే పెద్దవాళ్ళు చాలామంది చెప్పేది ఆ పాత రకం గురించే. ఇప్పుడు మంచి బోర్డులకు చుట్టూ గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. కొన్నిటికి మూడు వైపులే ఉంటుంది, అడుగున ఉండదు. డెక్ నేలకు దగ్గరగా ఉండి కింద చెమ్మ ఆరని చోట నాలుగు వైపులా తొడుగున్నదే తీసుకోమనండి. దుకాణంలో నమూనా ముక్కను తిప్పి అడుగు చూస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు చట్రం. కాంపోజిట్ బోర్డు నడవడానికే గాని బరువు మోయడానికి కాదు. స్తంభాలు, దూలాలు, వాటి మీద వరసగా పెట్టే జాయిస్టులు మామూలుగా ప్రెషర్ ట్రీటెడ్ చెక్కవే. అంటే మీరు కాంపోజిట్ కొన్నా డెక్‌లో సగం చెక్కే. బోర్డులకు 25 ఏళ్ళు, ఇంకా ఎక్కువ వారంటీ రాసిస్తారు. అది చట్రానికి వర్తించదు.

ఒక లెక్క వేద్దాం, కాగితం తీసుకోండి. ఇంటి గోడ వెంబడి 16 అడుగులు, ముందుకు 12 అడుగులు ఉన్న డెక్ అనుకుందాం. బోర్డులు గోడకు సమాంతరంగా పరిస్తే ఒక్కో వరసకు 16 అడుగుల బోర్డు ఒకటి సరిపోతుంది, మధ్యలో అతుకే ఉండదు. బోర్డు వెడల్పు 5.5 అంగుళాలు, వరసల మధ్య సందు అంగుళంలో 16వ వంతులు మూడు. రెండూ కలిపి 5.69 అంగుళాలు. 12 అడుగులంటే 144 అంగుళాలు. భాగిస్తే 25.3 వస్తుంది, అంటే 26 వరసలు. జాయిస్టుల మధ్యదూరం 16 అంగుళాలైతే 192 అంగుళాల గోడ పొడవునా 12 ఖాళీలు, 13 జాయిస్టులు. బోర్డుల అంచున గాడిలో ఇమిడే క్లిప్పులు ఒక్కో సందుకు 13 చొప్పున 25 సందులకు 325 కావాలి. జాయిస్టుల నెత్తిన అంటించే జిగురు టేపు 156 అడుగులు, గోడవైపూ అంచువైపూ కలిపితే 188. 50 అడుగుల చుట్టలు నాలుగు తెస్తే సరి.

టేపు ఖర్చు తగ్గించుకుందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బోర్డుల సందుల్లోంచి దిగిన నీరు స్క్రూ రంధ్రాల చుట్టూ నిలిచి జాయిస్టును పైనుంచి తినేస్తుంది. పైన బోర్డు కొత్తగా మెరుస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

పాత డెక్ మీద చెక్క పీకి కాంపోజిట్ పరిచేటప్పుడు రెండు చూడాలి. జాయిస్టుల మధ్య 24 అంగుళాలుంటే మధ్యలో మరో జాయిస్టు చేర్చాలి. కాంపోజిట్ చెక్కకన్నా బరువు, పైగా ఎక్కువ వంగుతుంది, ముఖ్యంగా ఎండలో. బోర్డుల్ని జాయిస్టులకు ఐమూలగా పరిచే డిజైనుకూ 12 అంగుళాల దూరమే ఉండాలి. రెండోది, నాన్నతో కలిసి స్క్రూడ్రైవర్ మొనతో జాయిస్టుల పైభాగాన్నీ చివర్లనూ పొడిచి చూడండి. సులువుగా దిగితే అది చివికిపోయినట్టే, మార్చాల్సిందే.

గోడకు బిగించే పొడవాటి చెక్కను లెడ్జర్ అంటారు. జనం నిలబడ్డప్పుడు డెక్కులు కూలడానికి ముఖ్య కారణం ఇది ఊడిపోవడమే. మేకులు మాత్రమే కొడితే బరువుకు వెనక్కి లాక్కుని వచ్చేస్తాయి. లావాటి లాగ్ స్క్రూలో, ఇవతలి నుంచి అవతలికి దూరే బోల్టులో ఉండాలి. పైనుంచి వాననీరు గోడలోకి పోకుండా రేకు కూడా వేయాలి. టెక్సస్‌లో చాలా ఇళ్ళకు బయట కనబడే ఇటుక బరువు మోసేది కాదు, అలంకారపు పొర. దానికి లెడ్జర్ బిగించకూడదు. డెక్‌కు ఆ వైపు కూడా సొంత స్తంభాలు వేయించాలి. డెక్ నేల నుంచి 30 అంగుళాలకన్నా ఎత్తుంటే మామూలుగా కనీసం 36 అంగుళాల రెయిలింగ్ తప్పనిసరి. దాని కడ్డీల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు. మీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తలలు పెట్టకుండా ఆ లెక్క.

చెక్క చెమ్మకు అడ్డంగా పెరిగితే కాంపోజిట్ వేడికి పొడవునా పెరుగుతుంది. 20 అడుగుల బోర్డు మంచు పడే తెల్లవారుజామున ఉన్న పొడవుకూ, జులై ఎండలో ఉన్న పొడవుకూ పావు అంగుళానికి పైగా తేడా వస్తుంది. అందుకే బోర్డు చివర ఎంత సందు వదలాలో బిగించే రోజు వేడిని బట్టి కంపెనీ పట్టికలో ఉంటుంది. చల్లని రోజు ఎక్కువ, వేడి రోజు తక్కువ. ఆ సందు వదలకపోతే వేసవిలో చివర్లు ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి. కాలికి తగిలి పడేది అక్కడే.

కాంపోజిట్‌లో నాకు నచ్చని గుణం వేడి. పడమటి ఎండ పడే చోట ముదురు గోధుమరంగు, నలుపు బోర్డులు వేయిస్తే డాలస్, ఫీనిక్స్ వేసవి మధ్యాహ్నాల్లో వట్టికాళ్ళతో అడుగు వేయలేరు. రంగును కాగితం మీద చూసి ఎంచుకోకండి. రెండు మూడు నమూనా ముక్కల్ని మధ్యాహ్నం రెండింటిదాకా ఎండలో ఉంచి, ముందు చేత్తో, తరువాత జాగ్రత్తగా కాలితో తాకి చూడండి. లేత బూడిదరంగుకీ ముదురు రంగుకీ తేడా మీకే తెలుస్తుంది. ఇంకొకటి, కొత్త కిటికీల అద్దాలు ఎండను తిప్పికొట్టి ఒకేచోట పడేస్తే ఆ చోట బోర్డు మెత్తబడి వంగిపోవచ్చు. అలాంటి కిటికీకి బయట జాలీ తెర బిగిస్తే సరిపోతుంది.

దీపావళికి ఈ బోర్డు మీద నేరుగా ప్రమిదలు పెట్టకండి, కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు కాల్చకండి. రాలిన నిప్పురవ్వ తొడుగును కరిగించి గుంట చేస్తుంది, ఆ మచ్చ పోదు. టపాసులకు సిమెంటు నేలో మట్టి నేలో చూసుకోండి. నూనె, పసుపు, పులుసు ఒలికితే సబ్బునీళ్ళు, మెత్తటి బ్రష్‌తో వెంటనే కడిగేయండి. రబ్బరు అడుగున్న చాపలు ఏళ్ళ తరబడి పరిచి ఉంచితే కింద రంగు మారుతుంది. మంచు తీయడానికి ప్లాస్టిక్ పారే వాడాలి, ఇనుపది గీతలు పెడుతుంది. "మెయింటెనెన్స్ ఉండదు" అని అమ్మేవాళ్ళు చెప్పే మాట నమ్మకండి. సందుల్లో ఆకులు, పుప్పొడి పేరుకుంటే దాని మీద బూజు పడుతుంది. ఏడాదికి రెండుసార్లు కడగాలి.

ఖర్చు మాటకొస్తే, బోర్డుల వరకు కాంపోజిట్ ప్రెషర్ ట్రీటెడ్ చెక్కకు రెండు మూడు రెట్లు ఉంటుంది. చట్రానికీ కూలికీ అంత తేడా ఉండదు. డబ్బు చాలకపోతే చట్రంలో తగ్గించుకోకుండా డెక్ సైజు తగ్గించుకోమని చెప్పండి. లేదా ఈ ఏడాది గట్టి చట్రం, జాయిస్టులు 16 అంగుళాలకు వేయించి, పైన చెక్క పరచమనండి. పదేళ్ళ తరువాత చట్రాన్ని పరీక్షించి, గట్టిగా ఉంటే పై బోర్డులు మాత్రం మార్చుకోవచ్చు.

పర్యావరణం గురించి స్కూల్లో చదువుకునే మీకు ఒక చిక్కు ఉంది. కాంపోజిట్ పాత ప్లాస్టిక్‌ను చెత్తకుప్పకు పోకుండా ఆపుతుంది, నిజమే. కానీ చెక్కా ప్లాస్టిక్కూ కలిసిపోయిన ఆ బోర్డును చివర్లో మళ్ళీ కరిగించి వాడడం కష్టం. కోసేటప్పుడు రాలే పొట్టులో కూడా ప్లాస్టిక్ ఉంటుంది. కింద గుడ్డ పరిచి పట్టమని పనివాళ్ళకు చెప్పండి, గడ్డిలో కలవనీయకండి.

పని అయ్యాక రెండు బోర్డులు మిగుల్చుకుని గరాజులో చదునుగా పడుకోబెట్టండి. గోడకు ఆనిస్తే వంగిపోతాయి. కంపెనీ పేరు, రంగు పేరు, కొన్న తేదీ టేపు మీద రాసి అంటించండి. కంపెనీలు రంగులు మార్చేస్తుంటాయి, తరువాత అదే రంగు దొరకకపోవచ్చు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య