కాలవకు గండి పడితే

పిల్లలూ,

మొన్న గాలివాన రాత్రి మీలో అందరికంటే చిన్నది నన్నొక మాట అడిగింది. "తాతయ్యా, మన తీగలన్నీ బాగానే ఉన్నాయి కదా, బల్బు ఎందుకు ఒక్కసారి మసకబారి మళ్ళీ వెలిగింది?" నిద్రమత్తులో "పడుకో తల్లీ" అనేశాను. అంత మంచి ప్రశ్నకు అది జవాబు కాదు. అందుకే ఈ ఉత్తరం.

నిండుగా పారే కాలవకు ఎక్కడో గండి పడిందనుకోండి. నీళ్ళన్నీ అటే పరుగెడతాయి. దూరంగా ఉన్న పిల్లకాలవల్లో కూడా మట్టం పడిపోతుంది. కరెంటు తీగకు చెట్టుకొమ్మ తగిలినా, రెండు తీగలు ఒకదానికొకటి తగులుకున్నా అంతే. దాన్నే ఫాల్ట్ అంటాం. మామూలుకంటే 10 రెట్లు, 20 రెట్లు కరెంటు కూడా అటు దూకవచ్చు. అప్పుడు ఎక్కడో ఉన్న మన ఇంట్లో వోల్టేజీ తగ్గి బల్బు మసకబారుతుంది.

గండి పడగానే తూము తలుపు దించేయాలి. సబ్‌స్టేషన్‌లో ఆ తలుపు పేరు బ్రేకర్. దించమని చెప్పే కాపలాదారు రిలే. పెద్ద లైన్లలో ఇద్దరూ కలిసి సాధారణంగా సెకనులో పదో వంతులోపే పని ముగిస్తారు. అయితే తలుపు ఎంత గట్టిదై ఉండాలి? ఏ తలుపు ముందు దిగాలి? తెలుసుకోవడానికి నిండు కాలవకు గండి కొట్టి చూడలేం కదా!

మా చిన్నప్పుడు వాన వెలిసాక నేనూ తమ్ముడూ పెరట్లో బురదతో కాలవలు కట్టేవాళ్ళం. చెంబుతో నీళ్ళు పోస్తూ, వేలితో గట్టు తెంపి, ఏ పాయ ముందు ఎండుతుందోనని పందెం కాసేవాళ్ళం. ఒకసారి గండి దాటి దిగువకు వెళ్ళిపోయిన చింతాకు ఆగి, వెనక్కి తిరిగి, గండివైపే వచ్చింది. ఇద్దరం నోరు తెరుచుకుని చూశాం. చాలా ఏళ్ళకు, ఉద్యోగంలో, రెండు కొసల్లోనూ కరెంటు అందే లైనులో ఫాల్ట్ పడితే, దానివైపు రెండు కొసల నుంచీ కరెంటు వస్తుందని లెక్క కట్టినప్పుడు నాకు ఆ ఆకే గుర్తొచ్చింది. అందుకే అలాంటి లైనుకు రెండు కొసల్లోనూ తలుపులు దించాలి.

పెద్దవాళ్ళూ ఇదే ఆట ఆడారు. 1929లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయంలో కాయిళ్ళు, రెసిస్టెన్సులతో కరెంటు వ్యవస్థకు బొమ్మలాంటి నమూనా కట్టి, దానికి కావాలని ఫాల్ట్ పెట్టి కొలిచేవారు. ఇప్పుడు ఆ బురద కాలవ కంప్యూటర్‌లో ఉంది. కరెంటు ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే 20 మిల్లీసెకన్లను 400 ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఏం జరిగిందో లెక్క వేస్తాం. పెద్ద లైనులో కరెంటు మోసే తీగలు మూడు, ఎక్కువసార్లు దెబ్బ తగిలేది వాటిలో ఒక్కదానికే. అప్పుడు మూడు తీగల మధ్య తూకం తప్పుతుంది. అలా తప్పిన తూకాన్ని తూకం తప్పని మూడు జట్లుగా విడదీయవచ్చని 1918లో ఫోర్టెస్క్యూ అనే ఇంజనీరు చూపించాడు. అదెలాగో ఈ ఉత్తరంలో చెప్పలేను. ఇన్నేళ్ళయినా ఆ లెక్క చేస్తుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

తెగి పడిన తీగ దగ్గరికి మాత్రం ఎప్పుడూ వెళ్ళకండి. దాని చుట్టూ నేలలో కూడా కరెంటు ఉంటుంది. దూరంగా జరిగి పెద్దవాళ్ళను పిలవండి.

ఈసారి గాలివాన వస్తే ఇంట్లోనే కూర్చుని బల్బును చూడండి. మసకబారి వెంటనే తేరుకుంటే గండి పక్క లైనులో పడి ఉంటుంది. పూర్తిగా ఆరి, కొన్ని సెకన్లలో వెలిగితే బహుశా మన లైనులోనే పడి, కొమ్మ జారిపోయాక తలుపు తిరిగి ఎత్తారన్నమాట. ఏది జరిగిందో, ఎన్ని అంకెలు లెక్కపెట్టారో నాకు రాయండి.

మీ
తాతయ్య