మొదటి మూడు రోజుల గొడవ

సినిమా విడుదలైన మూడు రోజుల దాకా రివ్యూలు రాకుండా ఆపాలంటూ తమిళ నిర్మాతల సంఘం ఒకటి 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. కోర్టు వెంటనే నిషేధం పెట్టడానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది మార్చిలో కేరళ హైకోర్టు నియమించిన అమికస్ క్యూరీ (కోర్టుకు సలహా ఇచ్చే లాయరు), వ్లాగర్లు 48 గంటలు ఆగి రివ్యూ చేస్తే మంచిదని నివేదిక ఇచ్చారు. మన దగ్గరా పెద్ద సినిమా ఏదైనా దెబ్బతిన్నప్పుడల్లా ప్రెస్ మీట్‌లో ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతూనే ఉంటారు. వింటుంటే, రివ్యూలు రాసేవాళ్లు ఈ మధ్యే నోరు పారేసుకోవడం మొదలుపెట్టారేమో అనిపిస్తుంది. పాత పత్రికలు తిరగేస్తే అలా అనిపించదు.

1930లలో బందరు నుంచి వచ్చే కృష్ణాపత్రికలో ‘సినీఫాన్’ పేరుతో కమలాకర కామేశ్వరరావు సినిమాల మీద రాసేవారు. టాకీ వచ్చి నిండా పదేళ్లు కాలేదు. 1936లో ఒకే కథతో రెండు సినిమాలు పోటీ పడ్డాయి. ఒకటి ద్రౌపదీ వస్త్రాపహరణం, రెండోది ద్రౌపదీ మానసంరక్షణం. రెండో దాంట్లో దుర్యోధనుడు బళ్లారి రాఘవ. స్టేజీ మీద ఆయనకున్న పేరు చిన్నది కాదు. అయినా నాటకంలో గొప్ప నటుడు తెర మీద కూడా నిలబడతాడా, పద్యం ఎంత ఉండాలి, కెమెరా ఏం చేయాలి అన్న ప్రశ్నలు అప్పటి విమర్శకులు అడిగారు. ఇప్పటి రివ్యూల్లో అలాంటి ప్రశ్న వెతికినా దొరకదు. విమర్శకుడు కామేశ్వరరావును పరిశ్రమ ఏం చేసిందంటే, తనలో కలిపేసుకుంది! 1938లో వచ్చిన గృహలక్ష్మికి ఆయన హెచ్.ఎం.రెడ్డి దగ్గర పనిచేశారు. పాతికేళ్ల తర్వాత నర్తనశాల తీసిందీ ఆయనే.

కొడవటిగంటి కుటుంబరావు సంగతి ఇంకా విచిత్రం. సినిమాల మీద మొహమాటం లేకుండా రాసిన ఈ మనిషి 1952 నుంచి 1980లో చనిపోయే దాకా చందమామలో ఉద్యోగం చేశారు. ఆ పత్రిక యజమానులు నాగిరెడ్డి, చక్రపాణి. విజయా సంస్థ పేరుతో సినిమాలు తీసిందీ వాళ్లే.

అప్పట్లో రివ్యూ మీద ఇంత గొడవ లేకపోవడానికి పెద్దమనిషి తరహా ఒక్కటే కారణం అనుకోను. రివ్యూ వల్ల పోయేది తక్కువ. ప్రింట్లు కొన్నే ఉండేవి. ముందు బెజవాడ, గుంటూరు, రాజమండ్రి లాంటి ఊళ్లలో ఆడేది. తర్వాత చిన్న పట్నాలు, ఆ తర్వాత టూరింగ్ టాకీసులు. సినిమా మన ఊరికి వచ్చేసరికి వారపత్రికలో రివ్యూ పాతబడిపోయేది. బాగుందా లేదా అన్నది బస్సులో వచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. 1966లో విజయచిత్ర మొదలైంది. నడిపింది నాగిరెడ్డి గారే. తర్వాత ఈనాడు సంస్థ సితార వచ్చింది. సినిమా పేజీలకు సినిమా ప్రకటనలే ఆధారం కావడంతో కలాలు మెత్తబడ్డాయి. ఒకే మనిషి పొద్దున విలేకరి, సాయంత్రం పీఆర్వో అయితే ఇంకేం రాస్తాడు?

ఈ లెక్క మారింది ఇంటర్నెట్‌తో. 1999లో తెలుగు సినిమాల వెబ్‌సైట్ ఐడిల్‌బ్రెయిన్ మొదలైంది. అమెరికాలో ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువాళ్లు రివ్యూలో ఐదుకు ఎంత రేటింగ్ ఇచ్చారని చూసి టికెట్ కొనడం అలవాటు చేసుకున్నారు. రెండున్నరకూ రెండు ముప్పావుకూ తేడా ఏమిటో ఇప్పటికీ నాకు అర్థం కాదు, కానీ సినిమా హక్కులు కొనే బయ్యర్లకు బాగా అర్థమవుతుంది. అక్కడ గురువారం సాయంత్రం ప్రీమియర్ అంటే ఇక్కడ శుక్రవారం తెల్లవారుజాము. మార్నింగ్ షోకి జనం బయల్దేరేసరికే టాక్ ఫోన్లలో ఉంటుంది. హైదరాబాద్ ప్రసాద్స్ మల్టీప్లెక్స్ బయట మైకులు పట్టుకుని ‘పబ్లిక్ టాక్’ తీసేవాళ్లు ఆ తర్వాత వచ్చారు.

అదే సమయంలో సినిమా ఆయుష్షు కుంచించుకుపోయింది. ఒకే రోజు వందల థియేటర్లు. పెట్టుబడిలో పెద్ద భాగం ఆదివారం రాత్రికి రావాలి, సోమవారం పడిపోతే అంతే. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపేసి కూర్చున్నప్పుడు, థియేటర్‌లో విడుదలయ్యాక ఓటీటీకి ఇవ్వడానికి ఎనిమిది వారాలు ఆగాలన్నది ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి. వంద రోజుల పోస్టర్ వేసుకున్న పరిశ్రమ ఎనిమిది వారాల కోసం పోరాడే దాకా వచ్చింది. అలాంటప్పుడు శుక్రవారం పొద్దున రెండున్నర రేటింగ్ గుచ్చుకోదా మరి?

దొంగ రివ్యూలు లేవని కాదు. డబ్బు అడిగేవాళ్లు, సినిమా చూడకుండానే టికెట్ యాప్‌లో సున్నా కొట్టే ఫ్యాన్స్ ఉన్నారు. 2023 అక్టోబరులో కొచ్చి పోలీసులు ఈ విషయం మీద కేసు కూడా పెట్టారు. బెదిరింపు బెదిరింపే, దానికి చట్టం ఉంది. టికెట్ కొన్నవాడు బాగోలేదనడం వేరు. పైగా మ్యాట్నీ అవకముందే ‘బ్లాక్‌బస్టర్’ పోస్టర్ వదిలేవాళ్లను మూడు రోజులు ఆగమని ఎవరూ అనరు.

టికెట్ ధర సంగతీ చూడాలి. పెద్ద సినిమాకు మొదటి రోజుల్లో ధర పెంచుకోడానికి ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ అనుమతులు ఇస్తూ వచ్చాయి. 2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్లకు టికెట్ మీద 800 రూపాయలు అదనంగా తీసుకోనిచ్చారు. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ ధర దిగుతుంది. అంటే అందరికంటే ఎక్కువ కట్టేవాడికే సినిమా గురించి ఏమీ తెలియకూడదన్నమాట. ‘ధర మొదటి రోజు నుంచీ మామూలుగానే ఉంచుతాం, మీరు మూడు రోజులు ఆగండి’ అని అడిగిన నిర్మాత మాత్రం నాకింకా కనపడలేదు.