ఆలోచన తెలుగులో వస్తే, చికిత్స ఏ భాషలో?

2013 అక్టోబరులో పైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఐదేళ్లకు తిత్లీ తుఫాను వచ్చి గజపతి జిల్లాను అల్లకల్లోలం చేసింది. కూలిన ఇంటికి పరిహారం అడగొచ్చు. గాలి కాస్త గట్టిగా వీస్తే గుండెదడ పట్టుకునే మనిషి ఎవరిని ఏమని అడగాలి?

ఇలాంటి టెన్షన్‌కూ దిగులుకూ మందులే కాదు, మాటల వైద్యమూ ఉంది. అదే కాగ్నిటివ్ థెరపీ. డిప్రెషన్ అంటే తన మీదికే తిరిగిన కోపమని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ చెప్పాడు. ఆ బాటలోనే శిక్షణ పొందిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్, ఫిలడెల్ఫియాలో దాన్ని రుజువు చేద్దామని రోగుల కలలు పరిశీలించారు. కోపానికి బదులు ఓటమి, నష్టం కనిపించాయి. గుచ్చి అడిగితే, పైకి చెప్పే మాటల వెనక మరో ఆలోచన నడుస్తోందని తేలింది: ‘డాక్టరుకు నా మాటలు విసుగు పుట్టిస్తున్నాయి’, ‘నేను దేనికీ పనికిరాను’. ఆ ఆలోచనను పట్టుకుని, అందులో నిజమెంతో రోగి చేతే తేల్పించడం 1960లలో బెక్ తీర్చిదిద్దిన పద్ధతి. 1977లో ఇమిప్రమిన్ అనే మందుతో పోల్చి చూస్తే ఇదే మెరుగని తేలింది.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది తర్వాతి మలుపు. పాకిస్తాన్ పల్లెల్లో మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఈ పద్ధతి నేర్చుకుని, డిప్రెషన్‌తో ఉన్న గర్భిణుల ఇళ్లకు వెళ్లారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి వాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఈ సాయం అందనివారిలో అది 53 శాతం. 2008లో వెలువడిన ఫలితమిది. దీనికి దగ్గరి పద్ధతితో గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలు కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడినా మేలు జరిగిందని 2017లో తేలింది.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు కావలసింది ఇదే. గంజాం తీరంలో వేటకు వెళ్లే కుటుంబాలకు ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో ఒడియా. బజారుకు ఆ ఒడియా చాలు. అర్ధరాత్రి బుర్రలో తిరిగే మాట మాత్రం తెలుగులోనే తిరుగుతుంది. ఓపీ క్యూలో నిలబడి చెప్పేసరికి అది ‘తలనొప్పి, నిద్ర లేదు’గా కుదించుకుపోతుంది. చికిత్సకు పనికొచ్చే అసలు మాట నోట్లోనే ఉండిపోతుంది.

జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని గిడుగు రామమూర్తి పోరాడింది పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూనే. సవరల కోసం సవర భాషా నేర్చుకున్నారు. చికిత్సకూ ఆ న్యాయమే వర్తించాలి. 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవలో, 14416కు ఫోన్ చేసి భాష ఎంచుకోవచ్చు. కానీ వారం వారం ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. తెలుగు వచ్చిన ఆశా కార్యకర్తలకు ఈ శిక్షణ, దానికి తగిన అదనపు వేతనం ఇవ్వాలని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల ఆరోగ్య అధికారులను మనం అడగాలి.